నెట్టులో నీళ్లు

ఆరేళ్ల కిందటి దాకా మా ఉప్పలమెట్టలో ఫోన్ మాట్లాడాలంటే శ్మశానానికి పోవాలి. ఊరికి మూడు వైపులా గుట్టలు, నాలుగో వైపు పిడుగురాళ్ల రోడ్డు. రాజుపాలెం టవర్ నుంచి బయలుదేరిన సిగ్నల్ ఆ గుట్టలకు కొట్టుకుని, ఎటు పోవాలో తోచక, శ్మశానంలో ఉన్న ఒక మట్టి దిబ్బ మీద మాత్రం వాలేది. అందుకని మా ఊళ్లో ఎవరైనా అటువైపు నడుస్తుంటే "ఎవరు పోయారు?" అని అడిగేవాళ్లు కాదు, "ఎవరికి ఫోను?" అని అడిగేవాళ్లు. డిగ్రీ పిల్లలు పరీక్ష ఫీజులు అక్కడే కట్టారు. ఒక పెళ్లికొడుకు హైదరాబాదులో ఉన్న అమ్మాయితో తొలిసారి వీడియోలో మాట్లాడింది కూడా అక్కడే. అవతల అమ్మాయి నాయనమ్మ, "అబ్బాయి బాగానే ఉన్నాడు గానీ, వెనకాల ఆ సమాధులేంది నాయనా?" అని అడిగితే, మావాడు తడుముకోకుండా, "మా పెద్దలందరూ వెనకాలే ఉన్నారండి" అన్నాడట. సంబంధం కుదిరింది.

ఆ దిబ్బ మీదికి ఎండనక వాననక రోజుకు రెండు పూటలా పోయే మనిషి రూతమ్మ. ఆమె మా పాలకేంద్రంలో పాలు పరీక్ష చేస్తుంది. ఇరవై మూడేళ్లుగా అదే పని. డెయిరీ వాళ్లు కొత్త మిషన్ ఇచ్చి, ఏ పూట రీడింగులు ఆ పూటే ఆన్‌లైన్‌లో పంపాలని రూలు పెట్టారు. రూతమ్మ ఉదయం పాలు అయిపోగానే ఫోన్ పట్టుకుని దిబ్బ ఎక్కేది, రీడింగులు పంపేది, దిగేది. సాయంత్రం మళ్లీ అదే.

మనిషి పొట్టి. చీర మీద మగవాళ్ల చొక్కా, కళ్లజోడుకు నల్ల తాడు. పాలల్లో లాక్టోమీటరు వేసి, అది తేలుతుండగా దానివైపు చూడదు. పాలు తెచ్చినవాడి మొహంలోకి చూస్తుంది. ఒకసారి డెయిరీ నుంచి వచ్చిన ఆఫీసరు ఇదేం పద్ధతని అడిగాడు.

"లాక్టోమీటరు పాలను చూసుద్ది సార్. నేను పోసినోణ్ణి చూస్తా. ఇద్దరం ఒకటే చెప్తే సరే. తేడా వచ్చిందనుకో, మళ్లీ కలిపి శాంపిలు తీస్తా. అప్పుడు లాక్టోమీటరు నా మాటకే వచ్చుద్ది" అంది రూతమ్మ.

సొంత ఆడబిడ్డ పాలు వెనక్కి పంపింది. మొగుడు ఏసయ్య ఒక పూట క్యాను తెస్తే అవీ వెనక్కి పంపింది. నా పాలు కూడా రెండుసార్లు వెనక్కి వచ్చాయి, ఆ సంగతి ఇక్కడ అనవసరం.

ఇక ఊరికి ఇంటర్నెట్ ఎట్లా వచ్చిందో చెప్పాలి. మూడు కంపెనీల వాళ్లు వేరువేరుగా వచ్చి ఊరు చూశారు, మజ్జిగ తాగారు, "ఇంత తక్కువ ఇళ్లకు వైరు లాగితే మాకు గిట్టదు" అని వెళ్లిపోయారు. మూడోవాడు వెళ్లిన రోజు పాల సొసైటీ ప్రెసిడెంటు త్రికోటేశ్వరరావుకు రోషం వచ్చింది. ఆయనది ఆరు ఎకరాల మిరప, రెండు ఎకరాల మాట. "పాలకి ఎవడొచ్చాడయ్యా మనకి? మనమే సొసైటీ పెట్టుకున్నాం. నెట్టుకి కూడా మనమే పెట్టుకుందాం" అన్నాడు. మోటార్లకు వైండింగ్ చేసే ఇలియాస్ అప్పటికే నరసరావుపేటలో రెండు నెలలు ఉండి ఫైబర్ అతికే పని నేర్చుకుని వచ్చాడు. బయట పెద్ద కంపెనీ దగ్గర ఐదు వందల స్పీడున్న లైను ఒకటి టోకున తెచ్చుకుని, ఊళ్లో ఉన్న నూట ఎనభై ఇళ్లకు మన వైరుతో మనమే పంచుకోవచ్చని చెప్పాడు. ఇంటింటికీ ఒక వాటా. అందరూ యజమానులే.

సొసైటీ కమిటీలో ఒక ఆడమనిషి ఉండాలని రిజిస్టరు ఆఫీసులో చెప్పారు. "రూతమ్మ ఉందిగా, సంతకం పెట్టుద్ది" అన్నాడు త్రికోటేశ్వరరావు. సంతకం పెట్టించుకున్నారు. మీటింగుకు రావద్దని చెప్పడం మాత్రం మర్చిపోయారు. ఆమె వచ్చి ముందు వరుసలో కూర్చుంది. ఇలియాస్ బోర్డు మీద గీతలు గీసి అంతా చెప్పాక, ఏమైనా సందేహాలు ఉన్నాయా అని అడిగాడు.

"ఉంది తమ్ముడా" అని లేచింది రూతమ్మ. "ఇందులో నీళ్లు ఎట్టా కలుపుతారు?"

మీటింగంతా విరగబడి నవ్వింది. త్రికోటేశ్వరరావు కళ్లు తుడుచుకుంటూ, "రూతమ్మా, ఇది పాలు కాదమ్మా, నెట్టు. ఇందులో నీళ్లు పోస్తే షాకు కొట్టుద్ది" అన్నాడు.

"పోసేది ఏదైనా కలిపేవాడు ఒకడు ఉంటాడు పెసిడెంటు గారూ" అంటూ ఆమె కూర్చుంది.

సంక్రాంతి ముందు మొదలుపెట్టి శివరాత్రి లోపల వైరు లాగేశారు. పాల బండి ఏ బజార్ల గుండా తిరుగుతుందో ఆ దారినే స్తంభాలు వేశారు. లైను ఇచ్చింది మెరుపు కమ్యూనికేషన్స్ అనే కంపెనీ. ఇంటింటికీ ఒక చిన్న వైఫై డబ్బా ఇచ్చి, వాటికి నెట్టు పంచే పెద్ద డబ్బా పాలకేంద్రంలోనే పెట్టారు, ఎందుకంటే తెల్లవారుజామున ఐదింటికీ సాయంత్రం ఐదింటికీ మనిషి తప్పకుండా ఉండే చోటు ఊళ్లో అదొక్కటే. ఆ కారణంగా నెట్టు మీద కంప్లైంట్లు తీసుకునే పని కూడా రూతమ్మ నెత్తిన పడింది. జనం ఒక చేత్తో పాల క్యాను, ఒక చేత్తో ఫోనూ పట్టుకుని వరుసలో నిలబడేవాళ్లు. ఆమె రెంటికీ ఒకే గొంతుతో జవాబు చెప్పేది.

"నీ పాలల్లో వెన్న నాలుగు పాయింటు రెండు. నీ డబ్బా మీద దుప్పటి కప్పావంట, తీసెయ్, దానికి చలెయ్యదు. తర్వాతోళ్లు రండి."

మొదటి నాలుగు నెలలు ఊరికి పండగే. శ్మశానం బోసిపోయింది. ఎవరి డబ్బాకు వాళ్లు పేర్లు పెట్టుకున్నారు. "పడమటి పులి" అని ఒకరు పెడితే ఎదురింటివాళ్లు "పులికి మేకు" అని పెట్టారు. ముసలాళ్లు కూడా వీడియోల్లో పడ్డారు. రూతమ్మ మొగుడు ఏసయ్య సున్నం బట్టీలో పని మానేసి ఇంటిపట్టున గేదెల్ని చూసుకుంటున్న మనిషి. ఆయనకు ఎక్కడో విదేశాల్లో ఒక జలపాతాన్ని రాత్రింబగళ్లు ఆపకుండా చూపించే వీడియో దొరికింది. పాత టీవీని కొట్టంలో పెట్టి, గేదెకు ఆ జలపాతం చూపించడం మొదలుపెట్టాడు.

"ఎండాకాలం గదే. దానికి చల్లంగా ఉంటది. కళ్లార్పకుండా చూస్తంది తెలుసా?" అన్నాడు భార్యతో.

"గేదె కళ్లార్పకుండా గోడని కూడా చూసుద్ది" అని రూతమ్మ పట్టించుకోలేదు.

ఐదో నెల నుంచి తేడా మొదలైంది. పొద్దున బాగానే ఉండేది. సాయంత్రం ఆరు దాటితే వీడియో కాసేపు ఆడి, ఆగి, మధ్యలో గుండ్రం తిరిగేది. పాలకేంద్రం ముందు కంప్లైంట్ల వరుస పాల వరుసకంటే పొడుగైంది. ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకొచ్చారు. అంతా విని, "మీరందరూ చెప్పేది ఒకటే. నెట్టు పల్చనైంది" అని రూతమ్మ తేల్చింది. ఆ మాట ఊళ్లో పాతుకుపోయింది.

పల్చనైందంటే ఎవరో పీల్చేస్తున్నారని అర్థం గదా. తూర్పు బజారు వాళ్లు పడమటి బజారు మీద పడ్డారు. పడమటి బజారు వాళ్లు ఆ మాట తామే ముందు అందామనుకుంటూ ఉన్నారట, ఆలస్యమైనందుకు ఇంకా మండిపడ్డారు. మా పల్నాట్లో గొడవకు కారణం ఉండాల్సిన పని లేదు. ఉంటే మాత్రం ఎవరూ దాన్ని వృథా చెయ్యరు. రెండు రోజుల్లో రెండు చోట్ల వైర్లు తెగాయి. ఇలియాస్ నిచ్చెన మీద ఒక వైరు అతుకుతుంటే, ఇంకో స్తంభం దగ్గర ఇంకొకరు కత్తెర పట్టుకుని తన వంతు కోసం కూర్చున్నారు.

త్రికోటేశ్వరరావు కంపెనీకి ఫోన్ చేశాడు. ప్రవీణ్ కుమార్ అనే కుర్ర ఇంజనీరు ఇస్త్రీ నలగని చొక్కాతో వచ్చాడు. పాలకేంద్రంలో పెద్ద డబ్బాకు తన లాప్‌టాప్ తగిలించి, అందరూ చూస్తుండగా స్పీడ్ టెస్ట్ పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగి నాలుగు వందల తొంభై ఆరు దగ్గర ఆగింది.

"చూశారు కదండీ. ఐదు వందలకు నాలుగు తక్కువ. మా వైపు నుంచి లోటేమీ లేదు" అన్నాడు.

"మరి సాయంత్రమైతే పల్చనవుతంది బాబూ" అంది రూతమ్మ.

"పల్చన అనేది మా దాంట్లో ఉండదు మేడమ్. మీవాళ్ల ఫోన్లు పాతవి. వాడకం తెలియక అట్లా అనిపిస్తుంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అన్నేళ్లలో తన కేంద్రంలో తనను చూసి నవ్వడం రూతమ్మ ఎరగదు. మొహం ఎర్రబడింది. ప్రవీణ్ కుమార్ మొహంలోకి ఒక్క నిమిషం సూటిగా చూసింది. ఆయన లాప్‌టాప్ సర్దుకుని, త్రికోటేశ్వరరావు ఇచ్చిన దోసకాయల సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక రూతమ్మ ఇలియాస్‌ను అడిగింది: "తమ్ముడా, ఏ ఇల్లు ఎంత వాడుతుందో నీ డబ్బా చెప్పుద్దా?"

"చెప్పుద్ది అక్కా."

"అందరికంటే ఎక్కువ వాడేది ఎవరో చెప్పు. ముందు అది తేలాల. లేకపోతే ఈళ్లు తలకాయలు పగలగొట్టుకుంటారు."

ఇలియాస్ కంప్యూటరు చూసి, గొంతు సవరించుకుని, మళ్లీ చూశాడు. "రేపు చెప్తాలే అక్కా" అన్నాడు.

"ఇవాళే చెప్పు."

"మీదే అక్కా."

రెండో స్థానంలో ఉన్న ఇంటికీ రూతమ్మ ఇంటికీ మధ్య తేడా, దూడకూ ఏనుగుకూ ఉన్నంత. ఆమె చొక్కా చేతులు మడిచి ఇంటికి నడిచింది. వెనకాల సగం ఊరు. కొట్టంలో ఏసయ్య మంచం మీద కునుకు తీస్తున్నాడు. టీవీలో జలపాతం దూకుతోంది. గేదె నెమరేస్తోంది.

"ఏమయ్యా, ఇది రోజుకి ఎన్ని గంటలు పెడతన్నావు?"

"ఆపితే గదా గంటలు లెక్కపెట్టేది!" అన్నాడు ఏసయ్య గర్వంగా, ఊరంతా గేదెను చూడటానికి వచ్చిందనుకుని.

రూతమ్మ అందరి ముందు వైరు పీకేసింది. "మా ఇంటి పాలు వెనక్కి పంపినదాన్ని, మా ఇంటి నెట్టు కూడా వెనక్కి పంపగలను" అంది. ఆ మాట గట్టిగానే అంది గానీ, ఆ పూట ఆమె అన్నం తినలేదని ఏసయ్య తర్వాత నాతో చెప్పాడు. గేదె కూడా దాణా ముట్టలేదట. అది మాత్రం నేను నమ్మను.

ఊరు ఊపిరి బిగబట్టి మర్నాడు సాయంత్రం కోసం చూసింది. ఆరు దాటింది. వీడియో ఆడి, ఆగి, గుండ్రం తిరిగింది. మునుపటికంటే వెంట్రుకవాసి కూడా మెరుగు లేదు. ఇలియాస్ వెళ్లి రూతమ్మ ఇంటి వైరు మళ్లీ తగిలించి వచ్చాడు.

అప్పుడు రూతమ్మకు సిగ్గు పోయి ఆలోచన పట్టుకుంది. రెండు రోజులు పాలకేంద్రంలో లాక్టోమీటర్లు తుడుస్తూ కూర్చుంది. మూడో రోజు పొద్దున ఇలియాస్ దుకాణానికి పోయింది. ఆయన ఏదో మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు.

"తమ్ముడా, పదిహేనేళ్ల కిందట పక్కపాలెం నుంచి ఒక పాలాయన వచ్చేవాడు. నువ్వెరగవులే. క్యాను తెచ్చి దింపేవాడు, నేను శాంపిలు తియ్యకముందే చేతిలో ఉన్న చెంబు ముందుకి చాపేవాడు. 'ఇందులో తీసి పెట్టానక్కా, నీకెందుకు శ్రమ' అనేవాడు. ఆ చెంబులో పాలు ఎంత చిక్కనో! ఆర్నెల్లు నన్ను మోసం చేశాడు. ఒకరోజు చెంబు పక్కన పెట్టి క్యాను అడుగు నుంచి తీశా. సగం కాలవ నీళ్లే."

"ఇప్పుడు అదెందుక్కా?"

"ఆ ఇంజనీరు పెట్టిన పరీక్ష ఉందే, ముల్లు తిరిగేది. అది పెట్టినప్పుడు మనం పరీక్ష పెడతన్నామని అవతల కంపెనీకి తెలుసుద్దా?"

ఇలియాస్ తీగ చుట్టడం ఆపేశాడు. "తెలుసుద్ది. అది ఫలానా చోటుకే పోతది. పరీక్షకి పోయే దారి వాళ్లకి తెలుసు."

"అంటే పరీక్షకి చెంబు వేరే ఇస్తన్నాడు. ఊరికి పోసే క్యాను వేరే."

"యా అల్లా!" అన్నాడు ఇలియాస్. చేతిలో ఉన్న రాగి తీగ చుట్ట ఊడిపోయి మోకాలి దాకా జారింది.

దాన్ని రుజువు చెయ్యాలంటే పరీక్ష కానిదాంతో పరీక్ష పెట్టాలి. ఊరంతా ఒక్కసారే ఏదో ఒక పెద్ద వీడియో దించుకోవాలి, ఇళ్లన్నిటికీ కలిపి ఎంత వస్తోందో ఇలియాస్ డబ్బా మీద చూడాలి. అదే సమయంలో ప్రవీణ్ కుమార్ ఎదురుగా ఉండి తన ముల్లు తిప్పాలి. కమిటీ తలుపులు వేసుకుని మీటింగు పెట్టింది.

"ఏ వీడియో దించుకుందాం? చానా పెద్దది కావాల" అన్నాడు ఇలియాస్.

త్రికోటేశ్వరరావు మొహం మతాబులా వెలిగింది. "మా గృహప్రవేశం వీడియో ఉందిగా! నాలుగున్నర గంటలు. ఫొటోగ్రాఫరు నెట్టులో పెట్టి లింకు పంపాడు. ఇంతవరకూ ఒక్కడూ చూసినవాడు లేడు!" ఆ మాటలో ఏడాదిన్నర బాధ ఉంది. ఆయన భార్య తిరుపతమ్మ కూడా చూడలేదని ఊరందరికీ తెలుసు.

"మరి ఆ ఇంజనీరు సాయంత్రం పూట ఎందుకొస్తాడు?" అన్నారు ఎవరో.

"సన్మానం చేస్తామని పిలుద్దాం" అంది రూతమ్మ. "శాలువా అంటే రాని మనిషి ఉండడు."

నిజమే. ప్రవీణ్ కుమార్ ఈసారి కొత్త చొక్కాతో, ఫొటోలు తియ్యడానికి ఒక స్నేహితుణ్ణి కూడా వెంటబెట్టుకుని శనివారం సాయంత్రం ఆరున్నరకల్లా దిగాడు. పాలకేంద్రం ముందు షామియానా, మైకు, నరసరావుపేట నుంచి తెప్పించిన శాలువా. నూట ఎనభై ఇళ్లల్లో నూట ఎనభై మంది ఫోన్ ముందు వేలు ఎత్తి పెట్టుకుని కూర్చున్నారు. డప్పు మోగగానే అందరూ ఒకేసారి నొక్కాలని ఒప్పందం. మా ఊరి జనం కడుపులో ఒక రహస్యం నాలుగు రోజులు ఆగడం అదే మొదలు, బహుశా అదే చివర. దారిన పోయేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరికే నవ్వేవాళ్లు.

త్రికోటేశ్వరరావు మైకు పట్టుకున్నాడు. రెండు ముక్కలు చెప్పి డప్పు కొట్టించాల్సిన మనిషి, ఊరి చరిత్రలోకి దిగాడు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. ఎత్తిన వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. పడమటి బజారులో ఒక ముసలావిడ, "డప్పు మోగకముందే నా ప్రాణం పోయేట్టుంది" అని కేకేసింది. చివరికి రూతమ్మ లేచి మైకు ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది.

"బాబూ ప్రవీణ్ కుమారూ, సన్మానానికి ముందు మా జనం కోసం ఆ ముల్లు ఇంకొక్కసారి తిప్పు. కళ్లకింపుగా ఉంటది."

ఆయన సంతోషంగా తిప్పాడు. నాలుగు వందల తొంభై ఆరు. చప్పట్లు. శాలువా కప్పారు. డప్పు మోగింది. ప్రవీణ్ కుమార్ చేతులు జోడించి నాలుగు వైపులా తిరిగి నమస్కారాలు పెడుతుంటే, ఊళ్లో నూట ఎనభై వేళ్లు నూట ఎనభై ఫోన్ల మీద పడ్డాయి.

షామియానా కింద తెల్ల గుడ్డ మీద ఇలియాస్ తన కంప్యూటరు తెర పెద్దదిగా కనపడేట్టు పెట్టాడు. అది ఊళ్లో ఇళ్లన్నీ కలిపి తీసుకుంటున్న నెట్టు. అంకె పెరిగింది, పెరిగింది, నూట తొంభై దగ్గర ఆగిపోయింది. ఇక కదల్లేదు.

"ఇదేంది బాబూ, నూట తొంభై దగ్గర నిలబడింది?" అంది రూతమ్మ మైకులో.

"అది... మీ వాళ్లకు కావాల్సింది అంతే అయ్యుంటుంది మేడమ్."

"అట్టాగా. అయితే ఇప్పుడు మళ్లీ నీ ముల్లు తిప్పు."

శాలువా జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆయన తిప్పాడు. ముల్లు మునుపటిలాగే గిర్రున పోయి నాలుగు వందల తొంభై ఆరు దగ్గర నిలిచింది. ఆయన నవ్వుతూ తలెత్తాడు.

రూతమ్మ నవ్వలేదు. "ఊరు తాగుతున్నది నూట తొంభై. నీ చెంబులో ఉన్నది నాలుగు వందల తొంభై ఆరు. రెండూ కలిపితే ఆరు వందల ఎనభై ఆరు. ఐదొందలు పట్టే క్యానులో ఆరొందల ఎనభై ఆరు ఎట్టా పట్టినయ్యి నాయనా?"

అప్పటిదాకా ఫొటోలు తీస్తున్న స్నేహితుడు మెల్లగా కెమెరా దించి బండి దగ్గరికి జరిగాడు. జనంలో కేకలు మొదలయ్యాయి. తూర్పు బజారు వాళ్లూ పడమటి బజారు వాళ్లూ కలిసి ఒకే మనిషి వైపు నడవడం చూసి త్రికోటేశ్వరరావుకు కూడా భయమేసింది. రూతమ్మ అడ్డంగా నిలబడింది.

"ఎవరూ ముందుకి రావద్దు. మొన్న వచ్చినప్పుడే ఈ బాబు మొహం నాకు చెప్పింది. పోసేది ఈయన, కలిపేది ఇంకోడు. ఏం బాబూ?"

"నేను జీతగాణ్ని మేడమ్" అన్నాడు ప్రవీణ్ కుమార్. చెమటకు కొత్త చొక్కా వీపుకు అతుక్కుపోయింది. "సాయంత్రాలు అందరికీ తగ్గిస్తారు. టెస్ట్‌కు మాత్రం వేరే దారి వదిలి పెడతారు. ఇట్లా కూడిక వేసినవాళ్లు ఇంతవరకూ లేరు."

ఆమె లోపలికి పోయి ఒక గ్లాసు వేడి పాలు తెచ్చి ఇచ్చింది. ఆయన అనుమానంగా చూశాడు.

"తాగు. అందులో ఏం కలపలేదు" అంది.

పాలు తాగి, శాలువా మడత పెట్టి చంకలో పెట్టుకుని, ఆయన అక్కడి నుంచే తన పై అధికారికి ఫోన్ చేశాడు. ఆ అధికారి ముందు సాంకేతిక లోపం అన్నాడు. ఇలియాస్ తన తెర మీది అంకెనూ లాప్‌టాప్ మీది అంకెనూ ఒకే ఫొటోలో తీసి పంపాక, సోమవారానికల్లా లోపం దానంతట అదే సర్దుకుంది. సాయంత్రం ఏడింటికి కూడా వీడియోలు నీళ్లలా, కాదు, పాలల్లా పారాయి. కొత్త కాగితం రాసుకున్నారు. అందులో ఒక షరతు: ఏ రోజైనా, ఏ గంటకైనా, చెప్పకుండా, తనకు నచ్చినదాంతో రూతమ్మ పరీక్ష చెయ్యవచ్చు.

ఇంతటితో సంగతి అయిపోయేదే. కానీ ఆ శనివారం నుంచి ఊళ్లో ఒకటి తక్కువ నూట ఎనభై ఫోన్లలో త్రికోటేశ్వరరావు గృహప్రవేశం కూర్చుని ఉంది. చేతిలో ఉన్నది చూడకుండా ఉండటం మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆదివారం మధ్యాహ్నానికి ఊరంతా చూసింది. రెండో గంట పన్నెండో నిమిషంలో, ముందు కొత్త పొయ్యి మీద పాలు పొంగుతుంటే, వెనక కిటికీలోంచి పెరడు కనపడుతుంది. ఆ పెరట్లో పట్టుపంచె ఎగగట్టిన త్రికోటేశ్వరరావు, అటూ ఇటూ చూసి, కేంద్రానికి పంపే పాల క్యానులో రెండు చెంబుల నీళ్లు పోసి, పంతులు గారు పిలుస్తుంటే "వస్తన్నా, వస్తన్నా" అంటూ లోపలికి పరుగెత్తాడు.

సోమవారం పొద్దున పాలకేంద్రానికి ఎప్పుడూ రాని వాళ్లు కూడా వచ్చారు. గేదెలు లేనివాళ్లు కూడా వచ్చారు. వరుసలో త్రికోటేశ్వరరావు తన క్యాను తానే మోసుకొచ్చి నిలబడ్డాడు. రూతమ్మ క్యాను కలిపి, శాంపిలు తీసి, లాక్టోమీటరు వేసి, ఆయన మొహంలోకి చూసింది. ఆయన తట్టుకోలేకపోయాడు.

"రూతమ్మా, అది నీళ్లు పోయడం కాదు. ఆ వీడియోలో నేను క్యాను కడుగుతున్నా."

"ఏ వీడియో అయ్యా?"

"మా గృహప్రవేశం... నువ్వు చూడలా?"

"యాడ? ఊరంతా మీ వీడియో నొక్కితే మా ఆయన జలపాతం నొక్కాడు. మా ఫోన్లో అదే ఉంది." రూతమ్మ కళ్లజోడు సర్దుకుంది. "కడిగేటప్పుడు క్యానులో పాలు ఉన్నయ్యా అయ్యా?"

వరుస వరుసంతా నేల మీద కూర్చుని నవ్వింది. తిరుపతమ్మే అందరికంటే ఎక్కువ నవ్విందని చెప్పుకున్నారు. రూతమ్మ లాక్టోమీటరు వైపు చూసింది. ఇరవై తొమ్మిది. మచ్చలేని పాలు.

"ఇవాళ్టి పాలు బాగున్నయ్యి. నేను ఇవాళ్టి పాలకే చీటీ రాస్తా, ఏడాదిన్నర కిందటి పాలకి రాయను" అని చీటీ చింపి ఆయన చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి ఆ ఇంటి పాలు ఇరవై తొమ్మిది తగ్గలేదు. త్రికోటేశ్వరరావు తన వీడియో ఊరంతా చూసిందన్న సంతోషమూ, ఊరంతా చూసిందన్న దిగులూ కలిసి ఒక నెల పాటు తక్కువ మాట్లాడాడు.

కబురు పాల బండ్ల వెంట పక్క ఊళ్లకు పోయింది. ఇప్పుడు మాలాగే సొంతంగా నెట్టు పెట్టుకున్న ఊళ్లు అటు నకరికల్లు వైపు రెండు, ఇటు పిడుగురాళ్ల వైపు ఒకటి ఉన్నాయి. సాయంత్రాలు పల్చనవుతోందని వాళ్లు రూతమ్మను పిలుస్తారు. ఆమె ఆదివారం చర్చి అయ్యాక, పాల వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని, చొక్కా జేబులో కళ్లజోడు పెట్టుకుని పోతుంది. పోయిన నెల నకరికల్లు వైపు ఊరికి నేనూ వెంట వెళ్లాను. అక్కడి కమిటీ కుర్చీలు వేసి, కూల్‌డ్రింకులు తెప్పించి, వాళ్ల డబ్బా దగ్గరికి తీసుకుపోబోయింది. ఒక చదువుకున్న కుర్రాడు నమ్మకం లేనట్టు, "నెట్టు గురించి మీరు ఏం చదివారండీ?" అని అడిగాడు.

"నేను ఏడో క్లాసు ఫెయిల్ నాయనా" అంది రూతమ్మ, కూల్‌డ్రింకు పక్కన పెడుతూ. "డబ్బా తర్వాత చూద్దాం. మీ ఊళ్లో పాలు పరీక్ష చేసే ఆమె ఎవరు? ముందు ఆమెని పిలవండి."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకాయన బండి తీసి, కేంద్రం వైపు వెళ్లాడు. కాసేపటికి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ, నన్నెందుకు పిలిచారో అన్నట్టు బెదురుగా చూస్తూ, ఒక నడివయసు మనిషి బండి దిగింది. రూతమ్మ తన పక్కన ఉన్న కుర్చీ ఆమె వైపు జరిపింది.